మీకు తెలుసా? క్వార్టర్ వెనక కోళ్లగూడు

పుంజు ఎందుకు కూస్తుంది?

ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషి ఇంట్లో తెల్లారకముందే లైటు వెలుగుతుంది. ఆ లైటు చూసి పుంజు కూస్తుందని కొందరంటారు. తూర్పు తెల్లబడితే కూస్తుందని ఇంకొందరు. నిజానికి పుంజుకు వేళ చెప్పేది దాని ఒంట్లో ఉన్న గడియారమే. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు పుంజులను పగలూ రాత్రీ తేడా తెలియని మసక వెలుతురులో ఉంచి చూశారు. బయటి జాడ ఏదీ లేకపోయినా అవి రోజుకోసారి, సుమారు 23.7 గంటల లెక్కన, కూతలు మొదలుపెట్టాయి. మామూలు రోజుల్లోనైతే వెలుతురు రావడానికి రెండు గంటల ముందే కూయడం మొదలు. ఈ సంగతి 2013లో బయటికి వచ్చింది. 2015లో అదే బృందం ఇంకో ముచ్చట చెప్పింది. నాలుగైదు పుంజులుంటే ముందు గొంతెత్తేది గుంపులో పెద్ద పుంజు. మిగతావి తమ వరస వచ్చేదాకా ఆగుతాయి. పెద్దదాన్ని పక్కకు తీస్తే రెండోది ముందు కూస్తుంది.

నైట్ షిఫ్టు చేసొచ్చి పొద్దున పడుకునే వాళ్లు పక్క క్వార్టర్‌లోనే ఉంటారు కాబట్టి ఇంకో మాట. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. గుడ్ల కోసమే పెంచేవాళ్లు పుంజు లేకుండా నాలుగు పెట్టలతో హాయిగా గడపవచ్చు.

గోదావరి ఒక సరిహద్దు

మన పెరటి కోడికి మూలం అడవికోడి. మన దేశంలో అడవికోళ్లు రెండు రకాలు. ఎర్ర అడవికోడి ఉత్తరాన, తూర్పున ఉంటుంది, బూడిదరంగు అడవికోడి దక్షిణాన ఉంటుంది. ఈ రెండింటి ఇలాకాలు కలిసే చోటు ఎక్కడా అంటే, పక్షుల పుస్తకాలు తూర్పు వైపు చూపించేది మన గోదావరి ప్రాంతాన్నే. రామగుండం పక్క నుంచి పారే ఈ నది కోళ్ల చరిత్రలో కూడా ఒక గట్టు అన్నమాట.

ఎర్ర అడవికోడి ఒక్కదాని నుంచే పెంపుడు కోళ్లన్నీ పుట్టాయని డార్విన్ నమ్మాడు. చాలావరకు అది సరైన మాటే. కానీ పెట్టను పట్టుకుని కాళ్లు చూడండి. చాలా కోళ్లకు అవి పసుపు పచ్చగా ఉంటాయి. ఎర్ర అడవికోడి కాళ్లకు ఆ రంగు లేదు. 2008లో స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు జన్యువులు పరిశీలించి, పసుపు చర్మాన్నిచ్చే జన్యువు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని తేల్చారు. ఆ పక్షి మన ద్వీపకల్పంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవుల్లో ఉండదు. అమెరికాలోని ఫారం కోడి పసుపు కాళ్లలోనూ దక్షిణ భారతపు అడవి ఉందని తెలిసినప్పటి నుంచి నాకు ఈ పెరటి ప్రాణి మీద గౌరవం రెట్టింపయింది.

పొదుగు మీద కూర్చున్న పెట్ట

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. బాతు గుడ్డుకు 28. మస్కవీ రకం బాతుకు దాదాపు 35. మామూలు బాతులకు, ముఖ్యంగా గుడ్ల రకాలకు, పొదిగే ఓపిక తక్కువ. అందుకే బాతు గుడ్లను పొదుగు కోడి కింద పెట్టడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అప్పుడు పెట్ట ఇంకో వారం ఎక్కువ కూర్చోవాలి. నీళ్లూ గింజలూ దాని ముందే పెట్టాలి, రోజుకోసారి దించి తిప్పాలి, లేకపోతే బాగా చిక్కిపోతుంది.

ఏడో రోజు రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చి మీద అరచేతిని గుండ్రంగా మడిచి, ఆ సందులో గుడ్డు పెట్టి పిల్లలకు చూపించండి. పిల్ల పడిన గుడ్డైతే లోపల ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్లలా పాకిన ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఆ చుక్క ఒక్కోసారి కదులుతుంది కూడా. ఏమీ లేకుండా పసుపుగా వెలిగిందంటే అది మురిగే గుడ్డు, తీసేయవచ్చు. పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ఎంత చదివినా రాని ఎరుక ఆ ఒక్క నిమిషంలో వస్తుంది. ఈ పని ఇంటిల్లిపాదీ కలిసి చేయాలని నా కోరిక. షిఫ్టుల వల్ల ఒకరు లేచేసరికి ఒకరు పడుకునే ఇళ్లలో అందరూ ఒకచోట చేరడానికి ఇలాంటి కారణాలు కావాలి.

పుట్టడానికి ఒకటి రెండు రోజుల ముందే పిల్ల గుడ్డులోంచి కియ్ కియ్‌మంటుంది. తల్లి బయటి నుంచి సన్నగా గొణుగుతుంది. గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే మీకూ వినిపిస్తుంది. బయటపడే ముందు మిగిలిన పచ్చసొనంతా పిల్ల కడుపులోకి పీల్చుకుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు తిండి లేకున్నా ఉండగలదు. ఒక్కరోజు పిల్లలను అట్టపెట్టెల్లో పెట్టి ఊరి నుంచి ఊరికి పంపగలగడం వెనక రహస్యం అదే.

గుడ్డు పెట్టే వేళ

పెట్ట ఒంట్లో ఒక గుడ్డు తయారు కావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే. అందుకే ఇవాళ ఎనిమిదింటికి పెట్టిన పెట్ట రేపు తొమ్మిది దాటాక పెడుతుంది. అలా రోజురోజుకూ జరిగి జరిగి చివరికి ఒక రోజు నాగా వేస్తుంది. ఆ రోజు గూట్లో గుడ్డు లేదని పిల్లి మీద నింద వేయకండి. బాతులకు ఈ బాధ లేదు, అవి చాలావరకు తెల్లవారుజామునే పెట్టేస్తాయి. పొద్దున తొమ్మిది దాకా గూట్లోనే ఉంచితే గుడ్లు పొదల్లో పోవు.

పలచటి పెంకు, చారల పెంకు

ఓసీపీ, అంటే ఓపెన్‌కాస్ట్ గని, దగ్గరున్న కాలనీలవాళ్లకు బ్లాస్టింగ్ అదురు కొత్త కాదు. కిటికీలు గలగలమంటాయి, గోడకు పటం ఒరుగుతుంది. పెట్ట సంగతి? పెంకు కడుతున్న సమయంలో గట్టిగా బెదిరిన పెట్ట గుడ్డును పెట్టకుండా లోపలే ఆపేసుకుంటుంది. అప్పుడు ఆ గుడ్డు మీద ఇంకో పొర సున్నం పడుతుంది. దాంతో నడుం చుట్టూ తెల్లటి పట్టీ ఉన్న గుడ్లు, పైన సున్నపు పొడి అద్దినట్టున్న గుడ్లు వస్తాయి. కుక్కలు తరిమినా ఇదే తంతు. తినడానికి వాటితో ఏ ఇబ్బందీ లేదు. గూడును మూల గోడకు ఆనించి, మూడు వైపులా కప్పి, ఒకే వైపు జాలి ఉంచితే పెట్టకు ధైర్యంగా ఉంటుంది.

ఎండాకాలం కథ వేరు. రామగుండం ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పేదేముంది. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన పెద్ద చల్లార్పు. అలా గబగబా ఊపిరి వదులుతుంటే ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోతుంది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్ కదా, దాన్ని కట్టడానికి కావలసిన ముడిసరుకు తగ్గిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పెంకులు పలచబడి చిట్లడానికి కారణం అదే. 1985లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. వేడిలో ఉన్న పెట్టలకు సోడా నీళ్లు, అంటే వాయువు నింపిన నీళ్లు, తాగించారు. పెంకులు మళ్లీ మందం పడ్డాయి. ఇంట్లో సోడా కొని పోయక్కర్లేదు. మట్టి కుండలో చల్లటి నీళ్లు, రోజుకు రెండు మూడుసార్లు మార్చి, నీడలో పెట్టండి. మేత తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయండి. మధ్యాహ్నం తిన్న మేత అరుగుతూ ఒంట్లో ఇంకా వేడి పుట్టిస్తుంది. గూటి పైన తడి గోనెపట్టా వేలాడదీస్తే మంచిదే, కానీ గాలి ఆడాలి.

గనిలో పిట్ట

బ్రిటన్ బొగ్గు గనుల్లో పసుపు పచ్చని కేనరీ పిట్టలను పంజరంలో పెట్టుకుని లోపలికి దిగేవారు. పేలుడో మంటో జరిగాక గనిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త గని ప్రమాదాల్లో చనిపోయినవారిని పరిశీలించి, చాలామందిని చంపింది పేలుడు కాదు, ఈ వాయువే అని తేల్చాడు. చిన్న పిట్టను వెంట తీసుకుపోతే అది ముందుగా సోలిపోయి మనిషికి హెచ్చరిక ఇస్తుందని చెప్పినవాడు ఆయనే. ఆ పద్ధతి 1986 దాకా సాగింది. తర్వాత గ్యాస్ డిటెక్టర్లు వచ్చాయి.

పిట్టకే ముందు ఎందుకు తెలుస్తుంది? పక్షి ఊపిరితిత్తుల చుట్టూ ఒళ్లంతా గాలి సంచులుంటాయి. మనం గాలిని లోపలికి పీల్చి అదే దారిన వదులుతాం. పక్షి ఊపిరితిత్తుల్లో మాత్రం గాలి ఒకే దిక్కున పారుతుంది. పీల్చినప్పుడూ వదిలినప్పుడూ తాజా గాలే తగులుతుంది. ఆక్సిజన్ ఎంత బాగా అందుతుందో విషమూ అంతే వేగంగా అందుతుంది.

మీ గూట్లోని కోడి ఊపిరితిత్తులూ ఇలాంటివే. చలికాలం రాత్రి కోడిపిల్లలకు వెచ్చగా ఉంటుందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం మా బొగ్గు ఊళ్లలో చేతికందే తప్పు. పొద్దునకు పిల్లలన్నీ పడిపోయి ఉంటాయి. అదే గదిలో మనుషులు పడుకుంటే వాళ్లకూ అదే ముప్పు. వెచ్చదనానికి బల్బు చాలు. పిల్లలన్నీ బల్బు కిందికి గుంపుగా చేరితే చలి వేస్తోందని, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడెక్కువైందని, సమంగా చెదిరి తింటుంటే సరిపోయిందని లెక్క. థర్మామీటర్ కంటే ఆ పిల్లలను చూసి నేర్చుకోవడమే మేలు. ఇంకో జాగ్రత్త. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడిపోతే వచ్చే పొగ పక్షులను నిమిషాల్లో చంపగలదు, వంటింట్లో పిల్లల బుట్ట పెట్టకండి.

బూడిదలో కూడా తేడా ఉంది. కోళ్లు దుమ్ములో పొర్లి పేలను, సన్న పురుగులను వదిలించుకుంటాయి. ఆ గుంతలో కట్టెల బూడిద కలపండి. బొగ్గు బూడిద వద్దు. రాతిబొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం వంటి విషాలుంటాయి. దాన్ని గీరి గీరి తింటే గుడ్డులోకి, గుడ్డు నుంచి మీ పళ్లెంలోకి చేరే ప్రమాదముంది.

ఒక్క చుక్క

పెరటి కోళ్లు పెంచిన ప్రతి ఇంట్లోనూ వినే మాట ఇది. ‘వారం కింద ఇరవై ఉండె, ఇప్పుడు ఒక్కటీ లేదు.’ చాలాసార్లు ఆ పని చేసింది కొక్కెర రోగం. తెల్లటి, ఆకుపచ్చటి రెట్ట, వాలిన రెక్కలు, నోరు తెరిచి గురకలు, బతికి బయటపడ్డ కోళ్లకు మెడ వంకర తిరగడం, ఇవి దాని గుర్తులు. దీన్ని 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ దగ్గర మొదటగా గుర్తించారు. అదీ బొగ్గుకు పేరుపడ్డ ఊరే. 1920ల చివర్లో హిమాలయాల్లోని రాణిఖేత్‌లో కనిపించడంతో మన డాక్టర్లు రాణిఖేత్ వ్యాధి అంటారు. దీనికి మందు లేదు. టీకా మాత్రం ఉంది. కుమావూ కొండల్లోనే ఉన్న ముక్తేశ్వర్‌లో శాస్త్రవేత్తలు 1940లలో తయారుచేసిన ఆర్‌2బి టీకా నేటికీ వాడుకలో ఉంది.

పద్ధతి ఇది. పిల్లకు ఐదారు రోజుల వయసులో లసోటా టీకా ఒక చుక్క కంట్లో వేయాలి. నాలుగో వారంలో మళ్లీ లసోటా. ఎనిమిదో వారంలో ఆర్‌2బి సూది. పిల్లను ఎడమ అరచేతిలో వెల్లకిల పడుకోబెట్టి, బొటనవేలితో తల పక్కకు తిప్పి, చుక్క పడ్డాక అది రెప్ప వేసేదాకా ఆగాలి. రెప్ప పడితే చుక్క లోపలికి పోయినట్టు. ఈ పని రాత్రిపూట సులువు. పగలు మనకన్నా ఎక్కువ రంగులు చూసే కోడికి చీకట్లో కన్ను సరిగా ఆనదు, మసక లైటులో కదలకుండా చిక్కుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ టీకా సీసాలు ఎక్కువగా వంద, అంతకు మించిన డోసులకు వస్తాయి. కలిపిన మందు ఐసు మీద పెట్టి రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే. ఆరు పిల్లలున్న ఇల్లాలు వంద డోసుల సీసా ఎందుకు కొంటుంది? అందుకే కొనదు, అందుకే కోళ్లు చస్తాయి. కానీ కాలనీలో ఒక లైనులో ఎన్ని క్వార్టర్లుంటాయో లెక్కపెట్టండి. యైటింక్లైన్ కాలనీలోనో సెంటినరీ కాలనీలోనో ఒక వీధివాళ్లంతా ఒకే రాత్రి అనుకుని ఒకే సీసా తెచ్చుకుంటే ఇంటికి పడే ఖర్చు చాలా తక్కువ. పైగా రోగం ఒక గూటి నుంచి ఇంకో గూటికి పోతుంది కాబట్టి, పక్కింటి కోళ్లకు టీకా పడితేనే మన కోళ్లకూ భద్రం. బతుకమ్మకు ఒకచోట చేరే ఆడవాళ్లు, దసరాకు ఒకటయ్యే వీధి దీనికోసం ఒక్క రాత్రి కలవలేరా? నాకు ఈ కాలమ్‌లో ఒక్క ముక్కే రాసే చోటుంటే ఇదే రాసేవాణ్ని. పశువైద్యశాలకు పోలేనివాళ్లు సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

హైదరాబాద్ పుట్టిల్లు

వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అనే పెరటి కోళ్ల రకాలు పుట్టింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థలో. రాజశ్రీని కూడా రాజేంద్రనగర్‌లోనే, పశువైద్య కళాశాల శాస్త్రవేత్తలు తయారుచేశారు. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే పెరట్లో వనరాజ వందకు పైగా పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. వీటికి రంగురంగుల ఈకలు ఊరికే పెట్టలేదు. తెల్లకోడి గద్దకు దూరం నుంచే కనబడుతుంది, రంగుకోడి మట్టిలో ఆకుల్లో కలిసిపోతుంది. అదీకాక మైసమ్మకు మొక్కు తీర్చాలన్నా మేడారం జాతరకు పోవాలన్నా మనవాళ్లు వెతికేది రంగుకోడినే. ఒక లోటు మాత్రం ఉంది. ఈ రకాలకు పొదుగు మీద మనసు తక్కువ. కాబట్టి నా సలహా, రెండు నాటు పెట్టలు తప్పకుండా ఉంచుకోండి. పొదగడం, పిల్లలను గద్ద నుంచి కాయడం వాటికి తెలిసినంతగా మనకు తెలియదు.

పిల్లల మేతకు పాత ఉపాయం ఒకటి. పాత కుండలో తడి గోనె ముక్క, పేడ, గడ్డి కుక్కి, చెదలున్న చోట రాత్రి బోర్లించండి. పొద్దునకు కుండ నిండా చెదలు. మాంసకృత్తులకు పైసా ఖర్చు లేదు. ఆ కుండను బోర్లా కొట్టగానే పిల్లలు ఎగబడే తీరు చూసి తీరాలి.

బాతు ఒంటికన్ను నిద్ర

1999లో అమెరికాలోని ఇండియానా స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు బాతులను వరసగా నిద్రపుచ్చి చూశారు. మధ్యలో ఉన్నవి ఎక్కువగా రెండు కళ్లూ మూసుకున్నాయి. చివర ఉన్నవి మాత్రం తరచుగా బయటి వైపు కన్ను తెరిచే నిద్రపోయాయి. ఆ కంటికి సంబంధించిన సగం మెదడు మెలకువగా ఉంది, మిగతా సగం నిద్రలో ఉంది. ముంగిస, కుక్క వస్తే ముందుగా అరిచేది ఆ చివరి బాతే.

బాతుకు చెరువు ఉండాల్సిందేనని చాలామంది వెనకాడతారు. అక్కర్లేదు. తల మొత్తం ముంచి కళ్లు, ముక్కు రంధ్రాలు కడుక్కునేంత లోతు టబ్బు చాలు. అది లేకపోతే కళ్లు పుసులు కడతాయి. నీళ్లు పక్కన లేకుండా పొడి మేత మాత్రం ఎప్పుడూ వేయవద్దు, గొంతులో అడ్డం పడుతుంది. కోడి పొదిగిన బాతుపిల్లను వెంటనే నీళ్లలో వదలడం కూడా తప్పు. తల్లి బాతు వెంట ఉన్న పిల్లకు ఆమె ఈకల నూనె అంటి ఒళ్లు తడవదు. కోడితల్లి దగ్గర అంత నూనె దొరకదు. కొంచెం ఈకలు వచ్చేదాకా లోతులేని పళ్లెమే.

బూజు పట్టిన మక్కలు, పల్లిచెక్క బాతులకు విషం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెతికితే బూజు పట్టిన పల్లిచెక్క దొరికింది, దాని నుంచే అఫ్లాటాక్సిన్ అనే విషం సంగతి లోకానికి తెలిసింది. పెంపుడు పక్షుల్లో దీనికి అందరికన్నా ముందు లొంగేది బాతుపిల్ల. వానకు తడిసిన మక్కలు కోళ్లకేద్దాంలే అనుకునే అలవాటు మానుకోవాలి.

కోళ్లనూ బాతులనూ ఒకే గూట్లో పెట్టకపోవడం మంచిది. బాతు తాగే చోటల్లా బురదే, ఆ తడి కోళ్లకు పడదు. బర్డ్‌ఫ్లూ క్రిమి బాతు ఒంట్లో పైకి ఏ లక్షణమూ కనబడకుండా ఉండగలదు, అదే క్రిమి కోడికి అంటితే గుంపంతా పోతుంది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గోదావరి జిల్లాల ఫారాల్లో అది చేసిన నష్టం చూశాం. గోదావరి ఒడ్డుకు, ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లకు అడవి బాతులు వచ్చే చలికాలంలో మీ బాతులను అటు వదలకండి. గూట్లో పక్షులు ఒక్కసారిగా చచ్చిపోతే కోసుకోవద్దు, చేత్తో ముట్టవద్దు, పశువుల డాక్టరుకు చెప్పండి.

రెట్ట

కోడి రెట్టలో నత్రజని ఎక్కువ. పచ్చిది తెచ్చి పుంటికూర మడిలో వేస్తే వేర్లు మాడిపోతాయి. ఎండుగడ్డి, ఆకులతో కలిపి, గుంతలో తడిపి, రెండు మూడు నెలలు మాగనిచ్చి వేయండి. కరివేపాకు చెట్టుకు మొదలు నుంచి అడుగు దూరంలో, వాన పడే ముందు.